బేదులకు మా జేజి కాచే జామాకు టీ: పనిచేస్తోందని ఎట్లా తేల్చేది?

ధర్మవరం పక్క పల్లె నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వాళ్ల జేజి జామాకులు, ఎండిన దానిమ్మ తొక్క, శొంఠి వేసి టీ కాస్తుంది. రెండేళ్లలో ఊర్లో 30 మందికి బేదులప్పుడు ఇస్తే 27 మందికి రెండు మూడు రోజుల్లో కట్టుకున్నాయి. దీన్ని శాస్త్రీయంగా పరీక్ష చేయించాలంటే ఏం చేయాలి, పొట్లాలు కట్టి అమ్మొచ్చా, చిన్నపిల్లలకు ఇవ్వొచ్చా అని అడిగారు.

నేను కడపలో ఫార్మసీ పిల్లలకు ఫార్మకాలజీ చెప్పబట్టి ఇరవై రెండేళ్లయింది. కషాయాల మీద విద్యార్థులతో ప్రాజెక్టులు చేయించాను. ఒకసారి ఆసుపత్రిలో రోగుల మీద జరిగిన చిన్న పరీక్షలో రికార్డులు చూసే పని కూడా నా మీద పడింది. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. మీ జేజి టీ పరీక్ష చేయదగ్గదే. కానీ 30 మందిలో 27 మందికి తగ్గింది అన్న లెక్కతో అది పనిచేస్తోందో లేదో తెలియదు. పరీక్ష అంటే ఒక గుంపుకు ఓఆర్ఎస్‌తో పాటు టీ, ఇంకో గుంపుకు ఓఆర్ఎస్‌తో పాటు టీలా కనబడే ఉత్తది ఇవ్వాలి. ఎవరు ఏ గుంపో చీటీ తేల్చాలి. మొదట పెద్దవాళ్ల మీదే చేయాలి. అది తేలేదాకా పొట్లం మీద "బేదులకు మందు" అని రాయకండి. పిల్లలకు ఇవ్వకండి.

ఇప్పుడు కారణాలు.

నీళ్ల బేదులు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి. పేగు లోపలి పొర కణాలు నాలుగైదు రోజుల్లో పాతవి రాలిపోయి కొత్తవి వస్తాయి. మన ఒంట్లోని రక్షణ కూడా ఈలోగా క్రిమిని తరిమేస్తుంది. మామూలు ఆరోగ్యం ఉన్న పెద్దవాళ్లలో ఎక్కువమందికి మూడు నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. పైగా బేదులు పట్టిన మొదటి గంటలోనే ఎవరూ జేజి దగ్గరికి రారు. ఒక పూట చూసి, రాత్రంతా చెంబు పట్టుకుని తిరిగి, రెండోరోజు పొద్దున వస్తారు. అప్పటికే జబ్బు దిగుముఖం పట్టి ఉంటుంది. ఆ పూట టీ ఇచ్చినా, ఉప్మా పెట్టినా, దిష్టి తీసినా మర్నాటికి "కట్టుకున్నాయి" అనే అంటారు. జేజి అబద్ధం చెప్పడం లేదు, తాగినవాళ్లూ చెప్పడం లేదు. తాగకపోతే ఏమయ్యేదో చూసినవాళ్లు లేరు, అంతే.

ఒక నిజమైన పరీక్షను చూడండి. మాను పసుపులో ఉండే బెర్బెరిన్ అనే పదార్థాన్ని బంగ్లాదేశ్‌లో బేదుల రోగుల మీద పరీక్షించి 1987లో ఫలితాలు ప్రచురించారు. ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్ల బేదులు పట్టినవాళ్లకు 400 మి.గ్రా. ఒకే మోతాదు ఇచ్చారు. 24 గంటల్లో బేదులు ఆగిపోయినవాళ్లు ఆ గుంపులో 42 శాతం. ఇవ్వని గుంపులో కూడా 20 శాతం మందికి అదే 24 గంటల్లో ఆగిపోయాయి. రెండో గుంపే లేకపోతే ఆ 42 మొత్తం మందు ఖాతాలోకి పోయేది. అదే పరీక్షలో కలరా రోగులకు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌తో కలిపి బెర్బెరిన్ ఇస్తే, టెట్రాసైక్లిన్ ఒక్కటే ఇచ్చినదానికంటే చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదు. అంటే "బేదులకు పనిచేస్తుంది" అని ఒకే మాటగా చెప్పలేం. ఏ క్రిమి వల్ల వచ్చిన బేదులో కూడా చెప్పాలి.

మీకు మంచి కబురు కూడా ఉంది. జామాకు కషాయాన్ని ముంబై పరిశోధకులు పెద్దవాళ్ల మీద ఇప్పటికే పరీక్షించి 2020లో ప్రచురించారు. అందరికీ ఓఆర్ఎస్ ఇచ్చి, కొందరికి ఆరు ఆకుల కషాయం, కొందరికి పది ఆకుల కషాయం రోజుకు మూడుసార్లు ఇచ్చారు. పది ఆకులవాళ్లు 72 గంటల్లో మామూలుకు వచ్చారు, ఓఆర్ఎస్ ఒక్కటే తాగినవాళ్లకు 120 గంటలు పట్టింది. అయితే ఎవరు ఏం తాగుతున్నారో తాగేవాళ్లకూ ఇచ్చేవాళ్లకూ తెలుసు. అది ఆ పరీక్షకున్న లోటు. మీ టీలో జామాకుతో పాటు ఇంకో రెండు వస్తువులున్నాయి కాబట్టి ఆ ఫలితం మీకు నేరుగా అన్వయించదు. కానీ మీరు శూన్యం నుంచి మొదలుపెట్టడం లేదు.

ఓఆర్ఎస్ స్థానంలో టీ ఎప్పుడూ పెట్టొద్దు. దీని మీద కాస్త ఎక్కువే చెప్తాను. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బొంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. 30 శాతం దాకా ఉన్న చావులు ఆయన చూసినవాళ్లలో 3.6 శాతానికి దిగాయి. బేదుల్లో మనిషిని చంపేది నీళ్లూ ఉప్పూ పోవడం. ఎన్నిసార్లు వెళ్లారన్నది దాని తర్వాత సంగతి.

మా పెద్దమ్మ సంగతే చెప్తాను. ఎండాకాలంలో బేదులు పట్టాయి. నీళ్లు తాగితే ఇంకా ఎక్కువవుతాయని మన దగ్గర చాలామందికి ఉన్న నమ్మకమే ఆమెకూ ఉండేది. రెండ్రోజులు చిక్కటి దానిమ్మ తొక్క కషాయం తాగి, నీళ్లు మానేసింది. మూడోరోజుకు బేదులు ఆగినాయి. ఇంట్లో అందరూ సంతోషపడ్డారు. నేను వెళ్లి చేతి మీద చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలితే అట్లాగే మడత నిలిచి, మెల్లగా కిందికి పోయింది. మూత్రం ముందురోజు సాయంత్రం నుంచి లేదు. ఒంట్లో బయటికి పోవడానికి నీళ్లే మిగల్లేదు, అందుకే ఆగినాయి. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినా కిడ్నీ లెక్కలు మామూలుకు రావడానికి మూడు వారాలు పట్టింది. అప్పట్నుంచీ "కట్టుకున్నాయి" అనే మాట వింటే నేను అడిగే మొదటి ప్రశ్న "మూత్రం ఎప్పుడు పోశారు?" అనే.

ఇక టీ దగ్గరికి వద్దాం. పరీక్షలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే, అందరూ తేలిగ్గా తీసుకునేదీ ఇదే. ప్రతిసారీ ఒకే టీ తయారవ్వాలి. మీ జేజి గుప్పెడు ఆకు అంటుంది. గుప్పెడు ఎంత? పచ్చి ఆకా, ఎండినదా? లేతదా, ముదురుదా? ఎన్ని నీళ్లు పోసి ఎంతకు ఇగరబెట్టాలి?

మా విద్యార్థుల ప్రాజెక్టులో ఒకసారి జామాకు కషాయం చిట్టెలుకల మీద చక్కగా పనిచేసింది. రెండు నెలల తర్వాత అదే మళ్లీ చేస్తే ఏమీ లేదు. వారం రోజులు తల పట్టుకున్నాం. చివరికి తెలిసిందేమంటే, మొదటిసారి ఆకు నీడలో ఆరు రోజులు ఆరింది. రెండోసారి పిల్లవాడు తొందరపడి మే నెల ఎండలో మిద్దె మీద పరిచాడు. ఆకు ఒక్క పూటలో గలగల్లాడింది, రంగు తవుడులా అయింది. చెట్టు కూడా వేరే. మూడో తేడా నీళ్లు. మొదట క్యాన్ నీళ్లతో కాస్తే, తర్వాత బోరు నీళ్లతో కాచారు. మన అనంతపురం, కడప బోరు నీళ్లలో కాస్తే ఆకులోని వగరు పదార్థాలు త్వరగా ముదురు రంగుకు తిరుగుతాయి. రంగు చిక్కగా కనబడితే మందు చిక్కగా ఉందనుకుంటాం. అట్లా అనుకోవద్దు.

ఇనుప బాణలి అసలే వద్దు. నమ్మకం లేకపోతే రెండు గ్లాసుల కషాయం తీసుకుని ఒకదాంట్లో తుప్పు పట్టిన మేకు వేసి పెట్టండి. కాసేపటికి అది సిరాలా నల్లబడుతుంది. జామాకులో, దానిమ్మ తొక్కలో ఉన్న టానిన్లు అనే వగరు పదార్థాలు ఇనుముతో కలిసిపోయి చేసే రంగు అది. ఈ టీ తాగినప్పుడు ఐరన్ మాత్రలు కూడా కడుపులో ఇట్లాగే చిక్కుకుంటాయి కాబట్టి, మాత్ర వేసుకునేవాళ్లు రెండు గంటలు ఎడం పాటించాలి. టీ స్టీలు గిన్నెలోనే కాయండి.

బెల్లం వేస్తారేమో కూడా చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్‌లో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే. 150 మి.లీ. టీ గ్లాసులో రెండు చెంచాలు, అంటే 10 గ్రాముల బెల్లం వేస్తే లీటరుకు దాదాపు 67 గ్రాముల లెక్క. అంత తీపి పేగులోకి నీటిని లాగి బేదుల్ని పెంచుతుంది. అప్పుడు టీ ఒకవైపు ఆపుతుంటే బెల్లం ఇంకోవైపు పారిస్తుంది, మీ ఫలితం ఎటూ తేలదు.

దానిమ్మ తొక్క గురించి మన జిల్లాలవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. మన తోటల్లో బ్యాక్టీరియా మచ్చ తెగులుకు బోర్డో మిశ్రమం కొడతారు, అందులో ఉండేది మైలుతుత్తం. కొందరు స్ట్రెప్టోసైక్లిన్ కూడా కొడతారు, అది యాంటీబయాటిక్. పురుగుమందుల సంగతి సరేసరి. అవి ఎక్కువగా మిగిలేది తొక్క మీదే. జ్యూసు అంగడి నుంచి తెచ్చిన తొక్కతో టీ కాచి బేదులు ఆగితే, ఆపింది దానిమ్మా, తొక్క మీది యాంటీబయాటికా? మైలుతుత్తం ఎక్కువైతే వాంతులు అదనం. మందు కొట్టని పెరటి చెట్టు తొక్కే వాడండి, పరీక్షకు ముందు ఆ పొడిని పురుగుమందుల అవశేషాలకు, సీసం లాంటి లోహాలకు, బూజు విషాలకు ల్యాబులో చూపించండి. శొంఠి కూడా బూజు పట్టనిది ఉండాలి.

రెండో గుంపుకు ఏం ఇవ్వాలి? వట్టి నీళ్లు ఇస్తే ఎవరు ఏ గుంపో అందరికీ తెలిసిపోతుంది. మామూలు టీ ఇద్దామా అంటే దాంట్లోనూ టానిన్లున్నాయి. నేనైతే మీ దినుసుల్నే పదో వంతు వేసి కాచి, రంగు కోసం కొంచెం మాడ్చిన చక్కెర కలిపి ఇస్తాను. వగరు తక్కువ ఉంటుంది గానీ, అసలు టీ ఎప్పుడూ తాగనివాళ్లకు అది తెలియదు. రెండు గుంపులకూ గ్లాసు కొలత, పూటలు, వేడి అన్నీ ఒకటే ఉండాలి. లేకపోతే ఎక్కువ నీళ్లు తాగినవాళ్లు తేరుకుంటే అది టీ గొప్ప అనుకుంటాం.

కొలిచేది ఏమిటో మొదలుపెట్టక ముందే రాసిపెట్టుకోవాలి. 24 గంటల్లో మూడు అంతకంటే ఎక్కువ పలుచని విరేచనాలైతే బేదులు అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం. "ఆగినట్టు" అంటే చివరి పలుచని విరేచనం తర్వాత 24 గంటలు మళ్లీ కాకపోవడం అని పెట్టుకోండి. రోజుల్లో కాకుండా గంటల్లో కొలవండి, ఎందుకంటే మూడు నాలుగు రోజులకు రెండు గుంపుల్లోనూ చాలామంది బాగయ్యే ఉంటారు, తేడా గంటల్లోనే కనబడుతుంది. దాంతో పాటు ఎన్ని లీటర్ల ఓఆర్ఎస్ తాగారు, ఎంతమందికి సెలైన్ పెట్టాల్సి వచ్చింది, బరువు ఎంత తగ్గి ఎంత వచ్చింది అన్నవీ రాయాలి.

ఎన్నిసార్లు వెళ్లారో రాయించడం మాత్రం చెప్పినంత సులువు కాదు. నేను చూసిన పరీక్షలో మొదట రోగులకు కార్డులిచ్చి గీతలు గీయమన్నారు. సాయంత్రం చూస్తే సగం కార్డులు ఖాళీ, మిగతా సగంలో "4, 4, 4" అని ఒకే చేతిరాత. వార్డులో పనిచేసే ఆయన పాపం ఖాళీలు బాగుండవని నింపేశాడు. తర్వాత ఒక ముసలావిడ తనకు తోచినట్టు ఒక డబ్బాలో చింతపిక్కలు వేసుకుంటూ కనబడింది, వెళ్లొచ్చినప్పుడల్లా ఒకటి. మర్నాటి నుంచి అందరికీ ఒక్కో డబ్బా, గుప్పెడు చింతపిక్కలు ఇచ్చాం. పలుచనిదైతే చింతపిక్క, గట్టిగా వస్తే సీతాఫలం గింజ. చదువు రానివాళ్లు కూడా ఒక్కటీ తప్పలేదు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి నర్సు లెక్కపెట్టి రాసేది. డబ్బా అడుగున చింతపిక్కల మీద సీతాఫలం గింజ ఒకటి నల్లగా మెరుస్తుంటే ఆ మనిషి ఇంటికి పోయే రోజు దగ్గరపడిందని మాకు తెలిసేది.

గుంపులు విడదీసేటప్పుడు "ఒకరికి టీ, తర్వాతి వారికి ఉత్తది" అని వరసన పెట్టొద్దు. తర్వాత వచ్చేది టీ వంతు అని తెలిస్తే, చూసే డాక్టరు తెలియకుండానే తేలికపాటి రోగిని అందులో వేస్తాడు. ఊరికి తెలియని మనిషి ఒకరు చీటీలు రాసి, బయటికి కనబడని కవర్లలో అంటించి, నంబర్లు వేసి ఇవ్వాలి. రోగి ఒప్పుకుని సంతకం పెట్టిన తర్వాతే కవరు చించాలి.

ఎంతమంది కావాలంటారా? ఉదాహరణకు మామూలుగా 60 గంటలు పట్టే బేదుల్లో, మనిషికీ మనిషికీ తేడా, అదే ప్రామాణిక విచలనం, 24 గంటలనుకోండి. టీ వల్ల 12 గంటలు తగ్గుతుందని ఆశిస్తే, దాన్ని నమ్మకంగా పట్టుకోవడానికి గుంపుకు 64 మంది కావాలి. మధ్యలో వెళ్లిపోయేవాళ్లుంటారు కాబట్టి గుంపుకు 75 మందితో మొదలుపెట్టాలి.

పరీక్షలోకి తీసుకోకూడనివాళ్లు: రక్తం, బంక పడేవాళ్లు, గట్టి జ్వరం ఉన్నవాళ్లు, గర్భిణులు, కిడ్నీ జబ్బువాళ్లు, అరవై దాటినవాళ్లు. రక్తం పడేటప్పుడు పేగును బిగించే మందేదైనా క్రిమిని, దాని విషాన్ని లోపలే ఉంచి ప్రమాదం తెస్తుంది. ఇంకొకటి, మన దగ్గర మెడికల్ షాపులో రెండు రకాల మాత్రలు వేసుకున్నాకే ఆసుపత్రికి వస్తారు. "ఏమన్నా వేసుకున్నారా?" అంటే లేదంటారు. "షాపాయన ఏమిచ్చాడు?" అని అడిగితే జేబులోంచి కాగితం తీస్తారు. రెండోది అడగండి.

చిట్టెలుకల మీద పరీక్ష కావాలంటే దగ్గర్లోని ఫార్మసీ కాలేజీలో అవుతుంది, జంతు ప్రయోగాల కమిటీ అనుమతి ఉంటే. ఆముదం తాగించి బేదులు పుట్టించి, కషాయం ఆపుతుందా అని చూస్తారు. దాన్ని మీరు పెద్దగా పట్టించుకోవద్దు. ఆముదం బేదులు వేరు, బోరింగు కాడ కలుషితమైన నీళ్ల బేదులు వేరు. దక్షిణ అమెరికాలో పెరిగే ఒక క్రోటాన్ చెట్టు పాల నుంచి తీసిన క్రోఫెలెమెర్ అనే మందుకు అమెరికాలో 2012లో అనుమతి వచ్చింది గానీ, అది హెచ్‌ఐవీ మందులు వాడేవాళ్లకు క్రిమి లేకుండా వచ్చే బేదులకే. అంత దూరం వెళ్లిన మొక్క మందుకే అంత ఇరుకు దారి.

మనుషుల మీద పరీక్ష మీరు సొంతంగా ఊర్లో పెట్టకూడదు. రోగుల మంచిచెడ్డలు చూసే, నమోదైన ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి. మొదటి రోగి చేరక ముందే దేశ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు కావాలి. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, తిరుపతిలో ఆయుర్వేద కళాశాల ఉంది. కమ్యూనిటీ మెడిసిన్ విభాగంలోనో, మూలికల గురించి చెప్పే ద్రవ్యగుణ విభాగంలోనో ఒక అధ్యాపకుడిని కలవండి. పీజీ విద్యార్థులు థీసిస్‌కు విషయాలు వెతుక్కుంటూ ఉంటారు.

అమ్మకం విషయం. ఆహార లైసెన్సు తీసుకుని మూలికల పానీయంగా అమ్ముకోవచ్చు గానీ, జబ్బు నయం చేస్తుందని దాని మీద రాస్తే చట్టం ఒప్పుకోదు. మందుగా అమ్మాలంటే ఆయుష్ లైసెన్సు కావాలి. ఓఆర్ఎస్ కాని తీపి పానీయాల మీద ఓఆర్ఎస్ అని రాసి అమ్మడాన్ని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆపించింది, దానికోసం హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. పొట్లం మీది ఒక్క మాటను నమ్మి తల్లులు పిల్లలకు తాగిస్తారు. మీ పొట్లం మీది మాటనూ అట్లాగే నమ్ముతారు.

పిల్లల గురించి మళ్లీ చెప్తున్నాను, ఎందుకంటే మీ ప్రశ్నలో చివర్న అడిగినా నాకు అదే ముందు కనబడింది. ఇవ్వొద్దు. టీతో కడుపు నిండితే తల్లిపాలు, ఓఆర్ఎస్ తగ్గిపోతాయి. ఇళ్లలో గసగసాల ముద్ద, జాజికాయ అరగదీసి నాకించడం నాకు తెలుసు. పిల్లలు మత్తుగా పడుకుంటారు, బేదులు తగ్గాయనుకుంటాం. అవి కూడా వద్దు. ఏడాది లోపు బిడ్డకు తేనె వద్దు. పిల్లలకు ఇవ్వాల్సినవి తల్లిపాలు, ఓఆర్ఎస్, జింకు. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మి.లీ. ఓఆర్ఎస్, రెండేళ్లు దాటితే 100 నుంచి 200 మి.లీ., చెంచా చెంచాగా. జింకు 14 రోజులు, ఆరు నెలలు దాటినవాళ్లకు రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలలవాళ్లకు 10 మి.గ్రా. బేదులు ఆగినా 14 రోజులూ ఇవ్వాలి. కళ్లు గుంటలు పడ్డా, ఆరు గంటలు మూత్రం లేకపోయినా, పాలు తాగలేక మగతగా ఉన్నా, రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి.

మీరు రేపు పొద్దున చేయగలిగిన పని ఒకటుంది. బంగారం తూచే చిన్న డిజిటల్ తక్కెడ ఒకటి కొనండి. జేజిని పది రోజులు మామూలుగానే కాయమనండి, మీరు ఏమీ చెప్పొద్దు. ఆమె గిన్నెలో వేసే ముందు ఆకు, తొక్క, శొంఠి విడివిడిగా తూచి రాయండి. పోసిన నీళ్లు, ఇగిరాక మిగిలినవి కొలగ్లాసుతో కొలవండి. పది రోజుల అంకెలూ ఇక్కడే పెట్టండి. గుప్పెడు ఎన్ని గ్రాముల నుంచి ఎన్ని గ్రాముల దాకా తిరుగుతోందో చూసి, కొలత ఎంత దగ్గర ఖాయం చేయాలో లెక్క వేసి చెప్తాను.